ముందు బావగారి సైకిలు

హైస్కూలు గ్రౌండు మధ్యన సున్నంతో పెద్ద వలయం గీశారు మాస్టారు. దాన్లోకి నాలుగు వైపుల నుంచీ నాలుగు దారులు, ఒక్కో దారికి నడిమిన ఒక గీత. క్రికెట్ ఆడుకుందామని వచ్చిన పిల్లలు బ్యాట్లు చంకన పెట్టుకుని నిలబడిపోయారు. అరవైకి అటూ ఇటూ వయసున్న ముగ్గురు పెద్దవాళ్ళు ఆ గీతల మధ్య సైకిళ్ళు తొక్కుతున్నారు. అదీ కుడి పక్కన.

“కుడికి బావా, కుడికి! మళ్ళీ ఎడమకి జారిపోతున్నావు.”

“పుట్టి బుద్ధెరిగాక ఎడమ పక్కనే తొక్కాను బావా. చెయ్యి అటే తిరుగుతోంది.”

“చేతి సంగతి తర్వాత, ముందు కళ్ళు. వలయం దగ్గరికి రాగానే ఎడమ వైపు చూడు. అక్కడ బండి అట్నించే వస్తుంది.”

వెనకాల వస్తున్న డాక్టరు గారు బ్రేకు వేసి కాలు కింద పెట్టారు. “ముందు నన్ను దాటనివ్వండి అన్నయ్యగారూ, మీరిద్దరూ తర్వాత వాదించుకుందురుగాని.”

సంక్రాంతి వెళ్ళిన వారం అది, రాజమండ్రిలో. మే నెలాఖరుకి ఈ ముగ్గురూ జర్మనీ సరిహద్దు పట్నం పాసౌలో సైకిళ్ళెక్కి, డాన్యూబ్ నది వెంబడి ఆస్ట్రియా రాజధాని వియన్నా దాకా వెళ్ళాలి. మూడు వందల ఇరవై కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ. అక్కడ బళ్ళన్నీ రోడ్డుకి కుడి పక్కన నడుస్తాయి. ఆ సంగతి అందరికీ తెలుసు. కానీ తెలిసిన సంగతి ఒంటికి పట్టాలంటే తొక్కి చూడాల్సిందేనని మాస్టారి పట్టు. అందుకే సున్నం బస్తా తెప్పించారు.

తమ పేర్లు రాయొద్దన్నారు వాళ్ళు. కాబట్టి ఒకరినొకరు పిలుచుకునే పిలుపులే ఇక్కడా వాడుతున్నాను. మాస్టారు సోషల్ పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. బావగారు మాస్టారి చెల్లెలి భర్త, బ్యాంకులో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నారు. డాక్టరు గారు మాస్టారితో చిన్నప్పుడు ఒకే బెంచీలో చదివిన పిల్లల డాక్టరు. నాలుగో మనిషి మాస్టారి దగ్గర చదువుకుని, ఇప్పుడు మ్యూనిక్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్న శిష్యుడు. అసలు ఈ ఆలోచన అతనిదే.

* * *

పోయిన కార్తీకంలో ఒక రాత్రి ఫోను చేశాడతను. “మాస్టారండీ, మీరు తొమ్మిదో తరగతిలో బోర్డు మీద డాన్యూబ్ గీశారు, గుర్తుందాండీ?”

ఏ సంవత్సరం గీయలేదు గనక! జర్మనీలో బ్లాక్ ఫారెస్ట్ దగ్గర నీలం సుద్దతో మొదలుపెట్టి, వియన్నా, బ్రాటిస్లావా, బుడాపెస్ట్, బెల్‌గ్రేడ్, నాలుగు రాజధానుల మీదుగా లాక్కొచ్చి నల్ల సముద్రంలో కలిపేవారు. సుమారు 2,850 కిలోమీటర్లు, పది దేశాలు. ప్రపంచంలో ఇన్ని దేశాలను తాకే నది ఇంకొకటి లేదని చెప్పి, ఆ పది పేర్లూ పిల్లల చేత అప్పజెప్పించుకునేవారు. చూడకుండానే గీసిన నది అది.

“పాసౌ దగ్గర అది మా ఇంటికి రైల్లో రెండున్నర గంటల దూరంలో ఉందండీ. దాని గట్టునే సైకిలు దారి. మీరు రండి, నేను పక్కనుంటాను.”

మాస్టారు మర్నాడు పొద్దున్నే బావగారింటికి వెళ్ళి సంగతి చెప్పారు. బావగారు కాఫీ గ్లాసు కింద పెట్టి, “నేనూ వస్తాను” అన్నారు. వంటింట్లోంచి చెల్లెలు బయటికొచ్చింది. “షుగరుందండీ మీకు. ఎనిమిదేళ్ళ నుంచీ మాత్రలు మింగుతున్నారు. సైకిలు తొక్కి ఎన్నేళ్ళయింది?”

ఆయన లెక్క చెప్పలేకపోయారు. ఉద్యోగంలో చేరిన కొత్తలో స్కూటరు కొన్నాక సైకిలు ముట్టుకోలేదు.

డాక్టరు గారు ఈ జట్టులోకి వచ్చింది ఆ కారణంగానే. “ఆయన వస్తానంటే కాదనకు. కానీ పక్కన గ్లూకోమీటరు చూడ్డం వచ్చిన మనిషి ఒకరుండాలి” అన్నారావిడ మాస్టారితో. తర్వాత ఒక్క క్షణం ఆగి, “ఆ మనిషిని నేనే అవుతాలే. నాకూ ఆస్పత్రి గోడలు చూసి చూసి విసుగొచ్చింది” అన్నారు.

* * *

యూరప్‌లో నదుల వెంట సైకిలు దారులు చాలానే ఉన్నాయి. రైన్, ఎల్బే, లువార్ నదులకు వాటి దారులు వాటికున్నాయి. వయసు మీద పడ్డాక మొదటిసారి బయల్దేరేవాళ్ళకి మాత్రం పాసౌ నుంచి వియన్నా వరకు ఉన్న ముక్కకు సాటి వచ్చేది మరొకటి లేదని నా నమ్మకం. అట్లాంటిక్ తీరం నుంచి నల్ల సముద్రం దాకా వేసిన యూరోవెలో 6 అనే మహామార్గంలో ఇదొక భాగం. పాసౌ సముద్ర మట్టానికి మూడు వందల మీటర్ల ఎత్తున ఉంటే, వియన్నా నూట అరవై దగ్గర ఉంది. దారి పొడుగునా కంటికి కనబడనంత మెల్లగా కిందికి దిగుతూనే ఉంటాం. గాలి కూడా ఎక్కువ రోజులు పడమటి నుంచే వీస్తుంది, అంటే వీపు మీద చెయ్యి వేసి తోస్తుంది. అందుకే జనం అటు నుంచి ఇటే తొక్కుతారు.

ఆ దారి పుట్టుక వినగానే మాస్టారికి మరింత ఉత్సాహం వచ్చింది. ఆవిరి పడవలు రాకముందు, ఏటికి ఎదురుగా సరుకు పడవలు వెళ్ళాలంటే గట్టు మీద గుర్రాలను కట్టి లాగించేవారు. ఉప్పు, ధాన్యం, ద్రాక్ష సారా అన్నీ అలాగే ఎగువకు పోయేవి. గుర్రాలు నడవడానికి నీటి అంచునే చదునుగా బాట వేసుకున్నారు. తర్వాత గుర్రాలు పోయాయి, బాట మిగిలింది. ఇవాళ సైకిళ్ళు తిరిగే దారిలో చాలా భాగం అదే.

కేలండరు వెనక తెల్ల వైపున మాస్టారు పటం గీశారు. డాన్యూబ్ గట్టున కిలోమీటరు రాళ్ళు నది పుట్టిన చోటి నుంచి లెక్క పెట్టరు, రొమేనియాలో సముద్రంలో కలిసే సులీనా దగ్గర సున్నా పెట్టి ఎగువకు లెక్కిస్తారు. పాసౌ దగ్గర 2,225, లింజ్ దగ్గర 2,135, వియన్నా దగ్గర 1,930కి కాస్త ఇటూ అటూ. ముందుకు పోయే కొద్దీ అంకె తగ్గుతుంది. బ్యాంకు మనిషి గనక బావగారికి ఈ పద్ధతి తెగ నచ్చింది. “అప్పు తీరుతున్నట్టు ఉంటుంది బావా” అన్నారు.

శిష్యుడు పంపిన మొదటి ప్రణాళిక అయిదు రోజులది. రోజుకి అరవై అయిదు కిలోమీటర్లు. డాక్టరు గారు దాన్ని చూసి, పెన్ను తీసి కొట్టేశారు. “అతనికి ముప్పై అయిదేళ్ళు. ఆ కాళ్ళకి కుదిరిన లెక్క ఇది” అని ఎనిమిది రోజులు చేశారు. ఆ ఎనిమిదిలో ఒక పూట మౌట్‌హౌసెన్‌కి కేటాయించమని మాస్టారు అడిగారు. లింజ్ దాటాక నది పక్కన కొండ మీద నాజీలు నడిపిన నిర్బంధ శిబిరం అది. 1938 ఆగస్టు నుంచి 1945 మే దాకా మౌట్‌హౌసెన్‌లోనూ, దాని కింద నడిచిన ఉప శిబిరాల్లోనూ కలిపి సుమారు 1,90,000 మందిని బంధించారు. కనీసం 90,000 మంది చనిపోయారు. గ్రానైటు క్వారీలో నుంచి బండరాళ్ళు మోయించుకుంటూ ఖైదీలను ఎక్కించిన 186 మెట్లు ఇప్పటికీ ఉన్నాయి.

“సరదాగా పోతూ అక్కడెందుకు బావా?” అన్నారు బావగారు.

“ముప్పై ఏళ్ళు రెండో ప్రపంచ యుద్ధం పాఠం చెప్పాను. చచ్చిపోయినవాళ్ళ సంఖ్య రాయించాను, మార్కులు వేశాను. గేటు పక్క నుంచి వెళ్తూ లోపలికి వెళ్ళకపోతే ఎలా?”

బావగారు ఇంకేం మాట్లాడలేదు. కేలండరు మీద ఆ రోజు దగ్గర దూరాన్ని తనే సగానికి తగ్గించి రాశారు.

* * *

సాధన ఏటిగట్టు మీద. ధవళేశ్వరం నుంచి గౌతమి ఎడమ గట్టున దిగువకు, కడియం నర్సరీలు దాటుకుంటూ ఆలమూరు, కపిలేశ్వరపురం, కోటిపల్లి దాకా. గోదావరి వాళ్ళకి నది వెంబడి తొక్కడం నేర్చుకోవడానికి ఇంకో చోటు వెతుక్కోనక్కర్లేదు కదా.

ముందు సీటు ఎత్తు సరిచేశారు. మన దగ్గర సీటు కిందికి దించి, మోకాళ్ళు పైకి లేచేలా తొక్కడం అలవాటు. పెడలు అట్టడుగున ఉన్నప్పుడు మడమ దాని మీద పెడితే కాలు నిటారుగా రావాలి, అప్పుడే మోకాలు బతుకుతుందని శిష్యుడు వీడియో కాల్‌లో చూపించాడు. బరువు గేరు మీద బలంగా తొక్కడం కాదు, తేలిక గేరు మీద కాళ్ళు చకచకా తిరగాలి. దాహం వేశాక కాదు, వేయకముందే తాగాలి. బ్రేకుల దగ్గర ఇంకో చిక్కు వచ్చిపడింది. మన సైకిలుకి కుడి చేతి బ్రేకు ముందు చక్రాన్ని పట్టుకుంటుంది, అక్కడ ఎక్కువ సైకిళ్ళకి అది వెనక చక్రానిది. కొన్నిటికి పెడలు వెనక్కి తొక్కితే బ్రేకు పడుతుంది. కంగారులో ఎడమ చెయ్యి గట్టిగా నొక్కితే ముందుకు బోర్లా పడతారు. మాస్టారు మూడు సైకిళ్ళకూ బ్రేకు తీగలు అటూ ఇటూ మార్పించేశారు, ఇక్కడే అలవాటు కావాలని.

అన్నిటికంటే ముఖ్యమైన సంగతి డాక్టరు గారు గ్రహించారు. ఒక ఆదివారం యాభై కిలోమీటర్లు తొక్కడం గొప్ప కాదు. ఆదివారం పాతిక తొక్కి, సోమవారం పొద్దున్న మళ్ళీ అదే సీటు మీద కూర్చోగలగాలి. నొప్పి బయటపడేది రెండో రోజునే. ఎనిమిది రోజుల ప్రయాణానికి కావలసిన బలం అదే. ఇది తెలియక ఒక్కసారి వంద కిలోమీటర్లు తొక్కేసి, వారం రోజులు మంచమెక్కే కుర్రాళ్ళను నేను చాలామందిని చూశాను.

మాస్టారు ముందు, డాక్టరు గారు మధ్య, బావగారు చివర. అదీ వరస. ఎంత దూరం తొక్కినా బావగారి నోట అలసట మాట రాలేదు. “ఎలా ఉంది బావా?” అని వెనక్కి తిరిగి అడిగితే, “బ్రహ్మాండం, పదండి” అనేవారు.

* * *

ఫాల్గుణం మొదట్లో ఒక తెల్లవారుజాము. ఎండ ముదరకముందే తిరిగి రావాలని నాలుగున్నరకే బయల్దేరారు. బావగారు మాత్ర వేసుకున్నారు. టిఫిన్ చేశారా అని డాక్టరు గారు అడిగితే చేశానన్నారు. నిజానికి ఆ వేళప్పుడు ఆయన తిన్నది ఒకే ఒక్క ఇడ్లీ. ఇంటావిడను అంత పొద్దున్నే లేపడం ఇష్టంలేక రాత్రి మిగిలినది తిని వచ్చేశారు.

కపిలేశ్వరపురం ఇంకా కాస్త దూరముందనగా డాక్టరు గారికి వెనకనుంచి బెల్లు వినబడలేదు. గుంట వచ్చినప్పుడల్లా బెల్లు కొట్టడం బావగారి అలవాటు. తిరిగి చూస్తే ఆయన సైకిలు గట్టు అంచుకి పోతోంది, మళ్ళీ మధ్యకి వస్తోంది.

“అన్నయ్యగారూ, ఆగండి.”

“ఎందుకు ఆగాలి? ఎప్పుడూ ఆగమంటారేంటండీ మీరు?” అని గట్టిగా కసిరారాయన. ఇన్ని నెలల్లో ఆవిడ మీద గొంతు పెంచింది లేదు. ఆ కసురు వినగానే డాక్టరు గారికి అర్థమైపోయింది. అడ్డంగా సైకిలు పెట్టేశారు.

చొక్కా తడిసి ముద్దయింది. చల్లటి గాలి వీస్తోంది, అంత చెమట పట్టే వేళ కాదు. చేతులు వణుకుతున్నాయి. హ్యాండిలు వదలమంటే వదలడం లేదు. మాస్టారు వచ్చి భుజాలు పట్టుకుని గట్టు మీద కూర్చోబెట్టారు. వేలికి సూది గుచ్చి గ్లూకోమీటరు చూశారు డాక్టరు గారు. 54.

డెబ్భైకి తగ్గితేనే ప్రమాదం. బావగారు వేసుకునే రకం మాత్ర తిండి ఉన్నా లేకపోయినా ఇన్సులిన్ ఊరేలా చేస్తుంది. ఆ పైన కండరాలు పనిచేస్తూ ఉన్న చక్కెరను లాగేసుకుంటున్నాయి. మెదడుకి చక్కెర అందనప్పుడు మనిషికి తనకేదో అవుతోందన్న తెలివిడి కూడా ఉండదు. అందుకే కోపం, అందుకే మొండితనం.

డాక్టరు గారు మూడు చెంచాల గ్లూకోజు పొడి నీళ్ళలో కలిపి తాగించారు. గడియారం చూసుకుంటూ కూర్చున్నారు. మాస్టారు కండువాతో బావగారి మొహం తుడుస్తున్నారు. పావుగంటకి మళ్ళీ చూస్తే 66. మళ్ళీ అంతే గ్లూకోజు, మళ్ళీ పావుగంట. ఈసారి 97. అప్పుడు బావగారు తల ఎత్తి, “నన్నెందుకు కూర్చోబెట్టారు బావా?” అని అడిగారు. గట్టు మీద డాక్టరు గారిని కసిరిన సంగతి ఆయనకి గుర్తులేదు. చెబితే రెండు చేతులూ జోడించారు. అటుగా పాల క్యాన్లతో వెళ్తున్న ఒకాయన మోటారు సైకిలు ఆపి, ఊళ్ళోంచి ఇడ్లీలు తెచ్చిచ్చాడు.

ఇంటికి కారులో వచ్చారు. చెల్లెలు ఏడవలేదు. సైకిలు దింపుతున్న అన్నగారి దగ్గరికి వచ్చి, “అన్నయ్యా, నీ డాన్యూబ్ నువ్వు చూసిరా. ఈయన్ని నాకు వదిలెయ్” అంది.

మాస్టారు ఆ రాత్రి మ్యూనిక్‌కి ఫోను చేసి ప్రయాణం మానుకుందామన్నారు.

* * *

మానుకోనివ్వనిది డాక్టరు గారే. రెండు రోజులాగి అందర్నీ బావగారింట్లో కూర్చోబెట్టారు. “ఈయనకి షుగరు తగ్గడం వల్ల ప్రమాదం రాలేదమ్మా. షుగరు తగ్గుతున్నట్టు చెప్పకపోవడం వల్ల వచ్చింది. అంతకుముందే అరగంట నుంచి కళ్ళు మసకలు వస్తున్నాయట. నోరు విప్పలేదు” అన్నారు చెల్లెలితో.

బావగారు నేల చూస్తూ, “మీ అందరి వేగం నా వల్ల తగ్గుతోందని తెలుసు. మళ్ళీ ఆపితే బాగోదని...” అన్నారు.

ఈ మాటకి మాస్టారి కళ్ళు చెమర్చాయని డాక్టరు గారు నాతో చెప్పారు. ముందు తొక్కుతూ, వెనక మనిషి ఎంత గింజుకుంటున్నాడో చూడకుండా అంతంత దూరాలు వెళ్ళిపోయిన బాధ అది.

ఆ సాయంత్రం జట్టు పద్ధతి మారిపోయింది. ఇకనుంచి బావగారి సైకిలు ముందు. ఆయన వేగమే అందరి వేగం. ఆగాలో వద్దో ఆయనే చెప్పాలి, ఎందుకని ఎవరూ అడగకూడదు. బయల్దేరే ముందు ఒకసారి, దారిలో గంటకోసారి షుగరు చూడాలి. వందకు లోపుంటే ఏదైనా తినకుండా ఎక్కకూడదు. ఎక్కువ తొక్కిన రోజున రాత్రి నిద్రలో కూడా షుగరు పడిపోవచ్చు కాబట్టి పడుకోబోయే ముందు మళ్ళీ చూడాలి. మాత్రల సంగతి ఆయన షుగరు డాక్టరు చూసుకుంటారు. ఆ డాక్టరు రెండు వారాల పాటు అంకెలన్నీ రాయించుకుని, తొక్కే రోజుల మోతాదు మార్చి రాసిచ్చారు.

కరెంటు సైకిలు ప్రస్తావన వచ్చింది. పాసౌలో అద్దెకు తీసుకుని వియన్నాలో అప్పగించే వీలుంది. పెడలు తొక్కుతుంటేనే మోటారు సాయం చేస్తుంది, గంటకు పాతిక కిలోమీటర్ల వేగం దాటితే ఆగిపోతుంది. బావగారు ఒప్పుకోలేదు. “అందరూ తొక్కుతుంటే నేను మోటారు మీద వస్తానా?” అన్నారు. డాక్టరు గారు తన మోకాలు చూపించారు. “అయితే నాకు తీసుకోండి. నాకు అరిగిపోయింది. మధ్యలో నా సైకిలు కాసేపు ఎవరైనా తొక్కిపెడితే సంతోషం.” మూడింటిలో ఒకటి కరెంటుది, ఎవరికి కావలసినప్పుడు వాళ్ళు మార్చుకోవచ్చు. ఆవిడ మోకాలు నిజంగానే అరిగింది. కానీ ఆ మాట అప్పుడే ఎందుకు చెప్పారో ఆ గదిలో అందరికీ తెలుసు.

చెల్లెలు మాత్రం ఒప్పుకోవడానికి చైత్రం దాకా తీసుకుంది. ఆవిడే ఒక తెల్లవారుజామున ఆటోలో వాళ్ళ వెనకాలే కోటిపల్లి రేవు దాకా వెళ్ళింది. దారిలో భర్త మూడుసార్లు చెయ్యి పైకెత్తి ఆగడం, మిగతా ఇద్దరూ ఒక్క మాట అనకుండా సైకిళ్ళు దిగడం కళ్ళారా చూసింది. రేవులో పంటు ఎక్కుతున్న జనాన్ని చూస్తూ, “పడవలో సైకిలు ఎక్కించేటప్పుడు జాగ్రత్తండీ” అంది. అదే ఆవిడ అనుమతి.

* * *

కాగితాల పని వేరే యుద్ధం. విమానం దిగేది మ్యూనిక్‌లో కనక జర్మనీ వీసా అడగాలనుకున్నారు. రెండు దేశాలకూ చెల్లే షెంగెన్ వీసా నియమం అది కాదు. ఎక్కువ రాత్రులు ఏ దేశంలో గడుపుతామో ఆ దేశాన్నే అడగాలి. రాత్రులు సమానమైతేనే ముందు అడుగుపెట్టే దేశం. మాస్టారు కేలండరు తీసి లెక్క పెడితే జర్మనీలో మూడు రాత్రులు, ఆస్ట్రియాలో దానికి రెట్టింపు పైన. దరఖాస్తు ఆస్ట్రియాకి వెళ్ళింది. హైదరాబాద్‌లో వేలిముద్రలు ఇచ్చి వచ్చారు.

ప్రయాణ బీమా కనీసం 30,000 యూరోలకు ఉండాలి. ఆ ఫారంలో పాత జబ్బుల గడి దగ్గర బావగారి పెన్ను ఆగింది. రాస్తే ప్రీమియం పెరుగుతుంది, అడ్డు చెబుతారేమో కూడా. డాక్టరు గారు ఎదురుగా కూర్చుని, “దాచి తీసుకున్న బీమా అక్కరకి రాదు అన్నయ్యగారూ” అన్నారు. ఆయన రాశారు. ఎప్పటి నుంచో, ఏ మాత్రో, ఫాల్గుణంలో జరిగినదీ పూర్తిగా రాశారు. ప్రీమియం పెరిగింది, కట్టారు.

సామాను ఒక్కొక్కరికి ఏడెనిమిది కిలోలకు మించకూడదు. క్యారియరుకి రెండు పక్కలా తగిలించే వానకి తడవని సంచులు, రెండు జతల బట్టలు, రెయిన్ కోటు, పంక్చరు సామాను. మందులు మాత్రం రెండు భాగాలు చేసి ఇద్దరి సంచుల్లో పెట్టారు, ఒకటి పోయినా రెండోది ఉండాలని. చెల్లెలు కందిపొడి, ఆవకాయ, నెయ్యి సీసా, ఆత్రేయపురం పూతరేకులు సర్దింది. పాల పదార్థాలు బయటి దేశాల నుంచి తేనివ్వరని, నెయ్యి తగిలినవేవీ వద్దని శిష్యుడు చెప్పడంతో సీసా, పూతరేకులు వెనక్కి వెళ్ళాయి. ఆవకాయ ప్రయాణం చేసింది.

గదుల దగ్గర కాస్త వాదన నడిచింది. వీసాకి బస రుజువు చూపాలి. కానీ ప్రతి రాత్రికీ గది గట్టిగా కట్టేసుకుంటే, దారిలో ఆగాలన్నా ఆగలేరు. చివరికి ఒక రోజు ముందు కూడా రద్దు చేసుకోగలిగిన గదులే తీసుకున్నాడు శిష్యుడు. ఇంకాస్త ఖర్చయినా సరేనన్నారు అందరూ.

* * *

పాసౌలో మూడు నదులు కలుస్తాయి. ఆల్ప్స్ మంచు నీళ్ళతో పాలిపోయిన ఆకుపచ్చగా ఇన్ నది, పీట్ నేలల నుంచి వచ్చే నల్లటి ఇల్జ్, మధ్యన డాన్యూబ్. కలిసిన తర్వాత కూడా కొంత దూరం రంగులు విడివిడిగా తెలుస్తాయి. మాస్టారు ఆ కొస మీద చాలాసేపు నిలబడ్డారు. శిష్యుడు ఆయన్ని పలకరించలేదు.

బావగారిని పట్టుకున్నది వేరే దృశ్యం. నది ఒడ్డున ఉన్న పురపాలక భవనం గోడ మీద వరద గుర్తులు, ఒక్కో గీత పక్కన సంవత్సరం. 1501 గీత, దాని దరిదాపుల్లోకి వచ్చిన 2013 గీత. 2013 జూన్‌లో ఇక్కడ నీరు 12.89 మీటర్లు చేరింది. 1986 ఆగస్టులో గోదావరి వరదకి ఏటిగట్లు తెగిన రోజుల్లో బావగారు డిగ్రీ కుర్రాడు, లంకల్లో జనానికి అన్నం పొట్లాలు మోసినవాడు. తలెత్తి ఆ గీతలను ఒక్కొక్కటే చదివారు. “వీళ్ళూ మనలాంటి వాళ్ళే బావా, ఏటి పక్కన బతికినవాళ్ళు” అన్నారు.

మర్నాడు పొద్దున్న షుగరు 138. రొట్టె, గుడ్డు, అరటిపండు తిన్నాక బయల్దేరారు. ఎడమ గట్టున దారి. ముందు బావగారు, ఆయన వెనక డాక్టరు గారు, తర్వాత మాస్టారు, చివర శిష్యుడు. కుడి పక్కనే. బావగారు ఒక్కసారి కూడా ఎడమకి జారలేదు. ఒబెర్న్‌జెల్ అనే ఊళ్ళో ఆగి కాఫీ తాగారు, షుగరు చూశారు. ఆ రోజు మజిలీ ష్లోగెన్, నలభై కిలోమీటర్ల పైన. అక్కడ గ్రానైటు కొండలకు కొట్టుకుని నది వచ్చిన దిక్కుకే మళ్ళినంత పని చేస్తుంది. ఎడమ గట్టున కొంత మేర అసలు దారే లేదు, అడవి కొండ నిటారుగా నీళ్ళలోకి దిగుతుంది. సైకిళ్ళను పడవ ఎక్కించి నది పొడుగునే తీసుకెళ్ళి దింపుతారు. మాస్టారు ఆ మలుపు గురించి మ్యూనిక్ నుంచీ చెబుతూనే ఉన్నారు.

యోఖెన్‌స్టైన్ విద్యుత్ కేంద్రం దగ్గరికి వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. యాభైల్లో జర్మనీ, ఆస్ట్రియా కలిసి కట్టుకున్న ఆనకట్ట అది. దాని మీదుగా అవతలి గట్టుకి దాటితే ఆస్ట్రియా. సైకిళ్ళు దిగి నడిపించుకుంటూ దాటారు. కుడి గట్టున ఎంగెల్‌హార్ట్స్‌జెల్ ఊరు కనబడుతోంది.

బావగారు చెయ్యి పైకెత్తారు.

“బావా, ఇవాళ్టికి ఇక్కడ చాలు. కాళ్ళు బాగానే ఉన్నాయి. కానీ ఇంకో ఇరవై తొక్కితే రేపు లేవలేను.”

ష్లోగెన్‌లో గది ఉంది. మ్యూనిక్‌లో దిగిన రోజు నుంచీ మాస్టారి కళ్ళు ఆ మలుపు మీదే ఉన్నాయి. మాస్టారు కేలండరు కాగితం తీయలేదు. స్టాండు వేసి, హెల్మెట్ తీసి హ్యాండిలుకి తగిలించారు. శిష్యుడు అప్పటికే ఫోను తీసి ష్లోగెన్‌కి మాట్లాడుతున్నాడు. అంత ఆలస్యంగా రద్దు చేస్తే ఆ రాత్రి డబ్బు వెనక్కి ఇవ్వలేమన్నారు అవతలివాళ్ళు. సరేనన్నాడు. రెండో ఫోనుకి ఎంగెల్‌హార్ట్స్‌జెల్‌లోనే రెండు గదులు దొరికాయి.

డాక్టరు గారు గ్లూకోమీటరు చూసి, “104” అన్నారు. “రెండు బిస్కెట్లు తినండి అన్నయ్యగారూ. తర్వాత గదికి నడుద్దాం.”

బావగారు బిస్కెట్టు విరిచి సగం మాస్టారికి ఇచ్చారు. “రేపు ష్లోగెన్ దగ్గర పడవ ఎన్నింటికి బాబూ?”

“అది తిరుగుతూనే ఉంటుంది బాబాయిగారూ. మనం ఎప్పుడెళ్తే అప్పుడు ఎక్కొచ్చు.”

“అయితే ఎనిమిదింటికి లేద్దాం” అన్నారు బావగారు, సైకిలు నడిపించుకుంటూ ముందుకు కదిలి.